బాబు ఎవరి దగ్గర ఉన్నాడు? నడక నేర్చిన పిల్లలున్న ఇంటిని ఎలా మార్చుకోవాలి

(వీడియో ఎపిసోడ్ పూర్తి పాఠం)

ఈరోజు టాపిక్ చూసి మీలో సగం మంది "మాకు పెళ్లే కాలేదు, పిల్లల గురించి మాకెందుకు బ్రో" అనుకుంటున్నారని నాకు తెలుసు. నేనూ అంతే, నాకూ పెళ్లి కాలేదు. కానీ మీరు ఎవరికో ఒకరికి మేనమామో, బాబాయో, పిన్నో అయ్యుంటారు. పండక్కి ఊరికెళ్తే ఆ పిల్లల్ని మీ చేతిలో పెట్టి "కాసేపు చూడరా" అంటారు. మనం ఒక చేత్తో పిల్లోడిని, ఇంకో చేత్తో ఫోన్‌ని పట్టుకుంటాం. అసలు సమస్య అక్కడే మొదలవుతుంది. కాబట్టి ఈ ఎపిసోడ్ మీకే.

ముందు మా ఇంట్లో జరిగింది చెప్తాను.

శివరాత్రి రోజు మా ఇల్లు

మాది మేళ్లచెరువు. ఇప్పుడు సూర్యాపేట జిల్లా, 2016 దాకా నల్గొండ జిల్లా. మా ఊరి పేరు చెప్తే చాలామందికి రెండే గుర్తొస్తాయి. ఒకటి సిమెంటు, రెండోది శంభులింగేశ్వర స్వామి గుడి. శివరాత్రి జాతరకి, ఎడ్ల పందేలకి చుట్టాలందరూ దిగిపోతారు. ఆ ఏడాది మా ఇంట్లో పెద్దవాళ్లమే పది మందికి పైగా ఉన్నాం. మా అక్క కొడుక్కి అప్పుడు పదమూడు నెలలు. కొత్తగా నడక వచ్చింది, కాలు ఒక్క చోట నిలవట్లేదు.

వంటింట్లోంచి అమ్మ "బాబేడి రా?" అని అడిగింది. నేను ఫోన్లోంచి తల ఎత్తకుండానే "అక్క దగ్గరున్నాడమ్మా" అన్నాను. అక్క ఏమో బాబు నా దగ్గరున్నాడనుకుని తలస్నానానికి వెళ్లడానికి బట్టలు సర్దుకుంటోంది. బావ నాయనమ్మ దగ్గర ఉన్నాడనుకున్నాడు. నాయనమ్మేమో ఇంతమంది ఉన్నారు కదా, ఎవరో ఒకరు చూస్తుంటార్లే అనుకుంది.

మా పెరటి బాత్రూమ్ తలుపు తీసి ఉంది. లోపల నిండా నీళ్లు పట్టిన బకెట్. పక్కింటి పాప, ఏడో తరగతి, చెయ్యి కడుక్కుందామని అటు వెళ్లింది. వెళ్లేసరికి బాబు బకెట్ అంచు మీద పొట్ట ఆనించి లోపలికి వంగి ఉన్నాడు. కాళ్లు నేల మీంచి లేచిపోయాయి. ఆ పాప నడుం పట్టుకుని వెనక్కి లాగేసింది. వాడి జుట్టు తడిసింది, అంతే. వాడు ఏడవను కూడా లేదు, మగ్గు అందలేదని కోపం తెచ్చుకున్నాడు.

తర్వాత ఏం జరిగిందో మీకు చెప్పక్కర్లేదు. అందరూ మా అక్కని తిట్టారు. "తల్లివి, చూసుకోవద్దా?" అన్నారు. ఆ సమయంలో వాడికి అందరికంటే దగ్గరగా కూర్చున్నది నేను. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. నేనూ నోరు తెరవలేదు. ఆ విషయం నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంటుంది. ఈ ఎపిసోడ్ చేయడానికి అదే కారణం.

"జాగ్రత్తగా చూసుకోవాలి" అన్న సలహా ఎందుకు పనిచేయదు

నేను కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్‌లో పనిచేశాను. అక్కడ ఒక సంగతి బాగా తెలుస్తుంది. సర్వర్ పడిపోతే "అందరూ చూస్తుండండి" అని చెప్పిన టీమ్‌లో ఎవరూ చూడరు. "ఈ రాత్రి పన్నెండు వరకు నువ్వు, తర్వాత అతను" అని పేరు పెట్టి చెప్తేనే పని జరుగుతుంది. ఇంట్లో కూడా అంతే. పది మంది ఉన్న ఇంట్లో పిల్లాడు క్షేమం అనుకుంటాం. కానీ అందరి పని ఎవరి పనీ కాకుండా పోతుంది.

రెండో సంగతి, మనిషి దృష్టి ఎప్పుడో ఒకప్పుడు తప్పుతుంది. పాలు పొంగుతాయి, ఫోన్ మోగుతుంది, గుమ్మంలోకి ఎవరో వస్తారు. తల్లి ఎంత జాగ్రత్త మనిషైనా రోజుకు పది సార్లు కళ్లు తిప్పక తప్పదు. అందుకే ఆ పది సార్లూ ఏమీ జరగకుండా ఇంటిని మార్చుకోవాలి. మనుషుల్ని తిట్టి మార్చడం కంటే ఒక గడియ బిగించడం తేలిక.

ఇది నా సొంత సిద్ధాంతం కాదు. న్యూయార్క్‌లో పిల్లలు అపార్ట్‌మెంట్ కిటికీల్లోంచి పడి చనిపోతుంటే, 1970ల మొదట్లో నగర ఆరోగ్య శాఖ తల్లిదండ్రులకు చెప్పడంతో ఆగకుండా కిటికీలకు గ్రిల్స్ ఇచ్చింది. 1976లో చిన్న పిల్లలున్న ఇళ్లకు ఇంటి ఓనరే గ్రిల్ పెట్టించాలని రూల్ తెచ్చింది. ప్రమాదాలు బాగా తగ్గాయి. బంగ్లాదేశ్ పల్లెల్లో ఇంకో సంగతి బయటపడింది. ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లలు ఎక్కువగా మునిగిపోతున్నది ఉదయం తొమ్మిది నుంచి మధ్యాహ్నం ఒంటిగంట మధ్యలో. అంటే తల్లి ఇంటి పనిలో, తండ్రి పొలంలో ఉండే టైమ్. దానికి వాళ్లు ఊళ్లోనే ఆ కొన్ని గంటలు పిల్లల్ని చూసుకునే కేంద్రాలు పెట్టారు. మన దగ్గర అంగన్‌వాడీ ప్రీస్కూల్ 3 నుంచి 6 ఏళ్ల వాళ్లకి. ఏడాది, రెండేళ్ల పిల్లలు ఆ టైమ్‌లో ఇంట్లోనే ఉంటారు. కాబట్టి ఇల్లే సరిగ్గా ఉండాలి.

ఇప్పుడు ఒక్కొక్కటి చూద్దాం.

నీళ్లు: సప్పుడు లేని ప్రమాదం

సినిమాల్లో మునిగిపోయేవాళ్లు చేతులు కొట్టుకుంటూ అరుస్తారు. చిన్న పిల్లలు అరవరు. ముక్కు, నోరు మునిగాక గొంతు రాదు. ఈ వయసు పిల్లలకి ఒంటితో పోలిస్తే తల బరువెక్కువ. బకెట్లోకి వంగితే ముందుకే పడతారు, చేతులతో తోసుకుని లేచే బలం ఉండదు. నిండా నీళ్లు ఉండక్కర్లేదు, ముక్కు, నోరు మునిగేంత ఉన్నా చాలు.

మన ఇళ్లలో నీళ్లు ఎక్కడెక్కడ ఉంటాయో లెక్కపెట్టండి. బకెట్లు, డ్రమ్ములు, పెరట్లో తొట్టి, పశువుల కుడితి గోలెం, సంపు. నల్లా రోజూ రాని ఊళ్లలో నీళ్లు పట్టిపెట్టుకోక తప్పదు, నాకు తెలుసు. అలాంటప్పుడు మూడు పనులు చేయండి. వాడని బకెట్ ఖాళీ చేసి బోర్లించండి. పట్టిపెట్టుకునే డ్రమ్ముకి పిల్లాడు తీయలేని గట్టి మూత పెట్టండి. బాత్రూమ్ తలుపుకి బయట, పెద్దవాళ్ల ఛాతీ ఎత్తులో ఒక గడియ బిగించండి. ఆ ఘటన తర్వాత మా ఇంట్లో ఖర్చు ఒక బోల్ట్, నాలుగు మరలు.

సంపు గురించి గట్టిగా చెప్తున్నాను. మూతకి తాళం ఉండాలి. పల్చటి రేకు మూతలు, పగిలిన సిమెంటు పలకలు మూతలు కాదు. ట్యాంకర్ వచ్చినప్పుడు మూత తీసి, పైపు వేసి, ఆ మనిషి పక్కకెళ్లి మాట్లాడుతుంటాడు. ఆ పది నిమిషాలు ఒకరు అక్కడే నిలబడాలి.

ఇక బోరు గుంతలు. మన నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు కింద బండ. బోరు వేస్తే నీళ్లు పడతాయన్న గ్యారంటీ లేదు. ఫెయిలైన బోరు కేసింగ్ పైపు పీక్కెళ్తే మిగిలేది ఒక గుంత. 2017 జూన్ 22న చేవెళ్ల మండలం ఇక్కారెడ్డిగూడలో రెండేళ్లు కూడా నిండని పాప అలాంటి బోరులో పడింది. రాత్రింబవళ్లు ప్రయత్నించారు, రాష్ట్రమంతా టీవీల ముందు కూర్చుంది. పాప బతకలేదు. దానికి ఏడేళ్ల ముందే, 2010లో, సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. బోరు వేసేటప్పుడు చుట్టూ కంచె, హెచ్చరిక బోర్డు ఉండాలి. కేసింగ్ చుట్టూ సిమెంటు గట్టు కట్టాలి, పైపుకి స్టీలు మూత వెల్డింగ్ చేయాలి లేదా బోల్టులతో బిగించాలి. వదిలేసిన బోరుని మట్టి, ఇసుక, రాళ్లతో అడుగు నుంచి పైదాకా పూడ్చాలి. మీ పొలంలో, మీ వీధిలో అలాంటి గుంత ఉంటే ఫోటో తీసి పంచాయతీ కార్యదర్శికి పంపండి. గోనెసంచి కప్పి మీద రాయి పెడితే బోరు పూడ్చినట్టు కాదు.

వంటిల్లు, వేడినీళ్లు

మన దగ్గర పప్పు, సాంబారు గిన్నెలు నేల మీద దించే అలవాటు ఉంది. పండగ వంట అయితే పెద్ద గిన్నెలు వరసగా నేల మీదే. నడక నేర్చుకునే పిల్లాడు వెనక్కి నడుస్తూ అందులో కూర్చుండిపోతాడు. గిన్నె నేల మీద పెట్టక తప్పకపోతే ఆ గదికి పిల్లలు రాకుండా తలుపు ఉండాలి. స్టవ్ మీద గిన్నెల కాడలు లోపలి వైపుకి తిప్పండి. టేబుల్ మీద గుడ్డ పరచి దాని మీద టీ కప్పు పెట్టకండి. గుడ్డ లాగితే టీ అంతా మొహం మీదకే.

స్నానం నీళ్లు కలిపేటప్పుడు ముందు చన్నీళ్లు పోసి, తర్వాత వేడినీళ్లు కలపండి. 60 డిగ్రీల వేడి నీళ్లు పెద్దవాళ్ల చర్మాన్నే 5 సెకన్లలో తీవ్రంగా కాల్చేస్తాయి. పిల్లల చర్మం ఇంకా పల్చన. గీజర్‌కి సెట్టింగ్ ఉంటే 50 దాటనివ్వకండి. హీటర్ రాడ్ బకెట్‌లో పెట్టి బాత్రూమ్ తలుపు తీసి ఉంచారంటే నీళ్లు, వేడి, కరెంటు మూడూ ఒకే బకెట్‌లో పెట్టినట్టు. పిల్లలున్న ఇంట్లో రాడ్ మానేయడమే మేలు.

ఒకవేళ కాలితే? మామూలు కుళాయి నీళ్లు 20 నిమిషాలు పారనివ్వండి. ఐస్ వద్దు, టూత్‌పేస్ట్ వద్దు, పసుపు వద్దు, సిరా వద్దు. తర్వాత శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

సున్నం, బ్యాటరీ: రెండూ ఒకే కెమిస్ట్రీ

మా ఊరి నేల కింద ఉన్నది సున్నపురాయి. ఆ రాయి ముక్కను చేత్తో పట్టుకుంటే ఏమీ కాదు. దాన్ని కాల్చి, నీళ్లు కలిపితే వచ్చే తడి సున్నం మాత్రం గట్టి క్షారం. నాయనమ్మ ఆకు వక్కలో వేసుకునే సున్నం అదే, పాన్ డబ్బాలో దొరికే చిన్న సున్నం ప్యాకెట్‌లో ఉండేదీ అదే. పిల్లలకి ఆ ప్యాకెట్ నొక్కుతుంటే మెత్తగా సరదాగా ఉంటుంది. పగిలితే సూటిగా కళ్లలోకి చిమ్ముతుంది. క్షారం యాసిడ్ కంటే లోతుగా కంట్లోకి దిగుతుంది. సున్నం ప్యాకెట్ వల్ల చూపు దెబ్బతిన్న పిల్లల గురించి మన దేశంలో కంటి డాక్టర్లు ఏళ్లుగా రాస్తున్నారు.

సున్నం పడితే ఒక్క పని. వెంటనే, అక్కడికక్కడే, మంచినీళ్లతో కళ్లు కడగండి. రెప్ప తెరిచి, కనీసం 15 నుంచి 30 నిమిషాలు. ఆసుపత్రికి వెళ్లాక కడుగుతార్లే అనుకోవద్దు. కడిగిన తర్వాతే బండి ఎక్కండి. చనుబాలు, ఆముదం, నెయ్యి ఏమీ వేయకండి. ఇల్లు కడుతున్నప్పుడు తడి సిమెంటుకీ ఇదే వర్తిస్తుంది.

బటన్ బ్యాటరీ కూడా ఇదే కథ. బొమ్మల్లో, చిన్న రిమోట్లలో, కారు తాళాల్లో ఉండే రూపాయి బిళ్ల లాంటి బ్యాటరీ. పిల్లాడు మింగితే అన్నవాహికలో ఇరుక్కుంటుంది. అక్కడి తడి వల్ల కరెంటు పారి, బ్యాటరీ పక్కనే క్షారం తయారవుతుంది. రెండు గంటల్లోనే తీవ్రంగా కాలిపోవచ్చు. బయటికి ఏమీ కనపడదు, దగ్గు, చొల్లు, అన్నం తినకపోవడం, అంతే. అనుమానం వచ్చినా సరే నేరుగా ఎక్స్‌రే ఉన్న పెద్ద ఆసుపత్రికి వెళ్లండి. ఏడాది దాటిన పిల్లాడు మింగగలుగుతుంటే, దారిలో పది నిమిషాలకోసారి రెండు చెంచాల తేనె ఇవ్వొచ్చని పాయిజన్ సెంటర్ల సలహా ఉంది, ఆరు సార్లకి మించకూడదు. ఏడాది లోపు వాళ్లకి తేనె అస్సలు వద్దు. తేనె కోసం వెతుకుతూ ఆలస్యం చేయొద్దు, ప్రయాణమే ముఖ్యం. ఇంట్లో అన్ని రిమోట్లూ చూడండి. బ్యాటరీ మూతకి స్క్రూ లేకపోతే టేప్ చుట్టండి. పాత బ్యాటరీలు కిటికీలో పెట్టకండి.

కూల్‌డ్రింక్ సీసాలో పురుగుల మందు

సాగర్ ఎడమ కాలువ కింద వరి, ఇటు పత్తి, మిర్చి. మన వైపు పురుగుల మందు లేని రైతు ఇల్లు తక్కువ. మిగిలిన మందుని కూల్‌డ్రింక్ సీసాలో పోసి పక్కన పెడతాం. పిల్లాడికి ఆ సీసా ఏంటో తెలుసు, అందులో తీపి ఉంటుందని తెలుసు. వాడి తప్పేం లేదు, మనం వేసిన లేబుల్ అబద్ధం. మందు దాని డబ్బాలోనే ఉండాలి, ఇంటి బయట తాళం వేసిన పెట్టెలో ఉండాలి. బాత్రూమ్ యాసిడ్, ఫినాయిల్, థిన్నర్, కిరోసిన్, దోమల మందు రీఫిల్ కూడా అంతే. తాతయ్య బీపీ, షుగర్ గోళీలు దిండు కింద ఉంటాయి కదా, అవీ పైకెక్కాలి.

తాగేశాడని తెలిస్తే వాంతి చేయించకండి. ఉప్పునీళ్లు తాగించకండి. కిరోసిన్, యాసిడ్ లాంటివి వాంతితో పైకొస్తే గొంతుని, ఊపిరితిత్తుల్ని ఇంకోసారి దెబ్బతీస్తాయి. 108కి ఫోన్ చేయండి, సీసాని వెంట తీసుకెళ్లండి. ఢిల్లీ ఎయిమ్స్‌లో జాతీయ పాయిజన్ సమాచార కేంద్రం ఉంది, టోల్ ఫ్రీ నంబర్ 1800 116 117. ఇప్పుడే సేవ్ చేసుకోండి.

గొంతులో అడ్డం పడేవి

పల్లీలు, బఠానీలు, చింతగింజలు, సీతాఫలం గింజలు, ద్రాక్ష, నాణేలు. మూడేళ్ల లోపు పిల్లల బొమ్మలకి అమెరికాలో ఒక పరీక్ష ఉంది. 31.7 మిల్లీమీటర్ల వెడల్పున్న గొట్టంలో పూర్తిగా పట్టే వస్తువు ప్రమాదమే. మన ఇంట్లో కొలతకి ఐదు రూపాయల బిళ్ల కంటే పెద్దదని గుర్తుపెట్టుకోండి. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి బొమ్మలకి ఐఎస్ఐ మార్క్ తప్పనిసరి. జాతరలో కొన్న బొమ్మకి ఆ మార్క్ ఉందో లేదో చూసి ఇవ్వండి. పల్లీలు నాలుగైదేళ్లు వచ్చేదాకా గింజలుగా వద్దు, పొడి చేసి పెట్టండి. ద్రాక్ష నిలువుగా నాలుగు ముక్కలు చేయండి.

అడ్డం పడి దగ్గలేకపోతుంటే, ఏడాది లోపు పిల్లాడిని ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పెట్టి, భుజాల మధ్య అరచేతి మడమతో ఐదు సార్లు కొట్టండి. తర్వాత వెల్లకిలా తిప్పి, ఛాతీ మధ్యలో ఐదు సార్లు నొక్కండి. ఏడాది దాటిన వాళ్లకి వీపు మీద దెబ్బలు, తర్వాత వెనక నుంచి పట్టుకుని బొడ్డు పైన లోపలికి, పైకి నొక్కడం. కనపడని వస్తువు కోసం నోట్లో వేలు పెట్టి కెలకకండి, ఇంకా లోపలికి పోతుంది.

కరెంటు, మెట్లు, వాకర్

ఎంసీబీ ఉంది కదా అంటారు. ఎంసీబీ వైర్లని కాపాడుతుంది, మనిషిని కాదు. మనిషి కోసం ఉన్నది ఆర్‌సీసీబీ. వెళ్లిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అని చూస్తుంది. తేడా 30 మిల్లీ ఆంపియర్లకి చేరేలోపే, అంటే కొంత కరెంటు ఒక ఒంటి గుండా నేలలోకి పోతుంటే, లైన్ కట్ చేస్తుంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి, నెలకోసారి దాని టెస్ట్ బటన్ నొక్కండి. ఎండాకాలం ఇనుప కూలర్లకి ఎర్తింగ్ లేకపోతే బాడీకే షాక్ వస్తుంది. కూలర్‌లో నీళ్లు పోసేటప్పుడు ప్లగ్గు పీకేయండి. నేల మీద ఎక్స్‌టెన్షన్ బాక్స్, దానికి వేలాడే ఛార్జర్ వైరు ఉండొద్దు. ఆ వైరు చివర వాడి నోట్లోకే వెళ్తుంది.

మెట్లకి పైనా, కిందా గేటు. రెయిలింగ్ కడ్డీల మధ్య సందు నాలుగు అంగుళాలు దాటొద్దు. పిట్టగోడ పక్కన కుర్చీ, స్టూలు, మంచం వేయొద్దు, అవి నిచ్చెనలే. ఇక చక్రాల వాకర్. మేనమామలు ప్రేమగా తెచ్చేది, నేనూ తెచ్చాను. దాంతో నడక త్వరగా రాదు, మెట్ల మీద నుంచి పడటం, స్టవ్ దాకా వెళ్లడం మాత్రం త్వరగా వస్తుంది. కెనడా 2004లో వాటి అమ్మకాన్నే నిషేధించింది. మా ఇంట్లోది చక్రాలు పీకేసి పక్కన పెట్టాం.

ఈ సాయంత్రం చేయాల్సిన పని

ఫోన్ తీయండి. వీడియో ఆన్ చేసి, మోకాళ్ల మీద కూర్చుని, పిల్లాడి కంటి ఎత్తులో పట్టుకుని ఇల్లంతా తిరగండి. మూడు నిమిషాలు చాలు. తర్వాత ఇంట్లోవాళ్లతో కూర్చుని చూడండి. మేం అలా చూసినప్పుడు మంచం కింద దోమల మందు రీఫిల్, వంటింటి కింది అరలో యాసిడ్ సీసా, కుట్టుమిషన్ కింద గుండీల డబ్బా, ఇన్నేళ్లు మేం చూడనివన్నీ కనపడ్డాయి.

రెండో పని, మాట. పిల్లాడిని అప్పగించేటప్పుడు పేరు పెట్టి చెప్పండి, "బాబు ఇప్పుడు నీ దగ్గర". అవతలి మనిషి "సరే, నా దగ్గర" అనాలి. అనకపోతే అప్పగించినట్టు కాదు. మా ఇంట్లో ఇప్పుడు ఎనభై ఏళ్ల నాయనమ్మ కూడా "నా దగ్గరే ఉన్నాడు రా, నువ్వు పో" అని గట్టిగా అంటుంది. నా వంతు వస్తే ఫోన్ జేబులో.

మూడోది, సీపీఆర్ నేర్చుకోండి. నీళ్లలోంచి తీసిన పిల్లాడిని తలకిందులుగా తిప్పడం, పొట్ట నొక్కడం పాత పద్ధతి, తప్పు పద్ధతి. ఊపిరి లేకపోతే ముందు నోటితో శ్వాస ఇచ్చి, తర్వాత ఛాతీ నొక్కాలి. 30 నొక్కుళ్లకి 2 శ్వాసలు, 108 వచ్చేదాకా. మా ఊరి నుంచి కోదాడో, హుజూర్‌నగరో చేరేలోపు ఆ పిల్లాడికి ఉన్నది మీ చేతులే. వీడియో చూస్తే సరిపోదు, శిక్షణ ఇచ్చే చోట బొమ్మ మీద ఒకసారి చేసి చూడండి.

చివరిగా మా అక్కకి ఒక మాట. ఆ రోజు అందరి ముందు చెప్పలేదు కాబట్టి ఇప్పుడు ఇంతమంది ముందు చెప్తున్నాను. అక్కా, ఆ రోజు వాడు నా దగ్గరే ఉండాలి. తప్పు నీది కాదు.

మీ ఇంట్లో వీడియో తీసినప్పుడు ఏం కనపడిందో నాకు రాయండి. ఇది మీ అక్కలకి, వదినలకి మాత్రమే పంపకండి. అన్నలకి, బావలకి, బాబాయిలకి కూడా పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.